గబ్బిలముచే కబురంపిన కవి

పేరులోనే వినికిడి గల ఊరు వినుకొండ. సీతాపహరణ వార్తను శ్రీరాముడు ఈ కొండపైననే వినెనని స్థలపురాణము చెప్పును. కొండమీది రామలింగేశ్వరాలయము ఆ ఐతిహ్యమునకు నేటికిని సాక్షిగా నిలిచియున్నది. చుట్టును పత్తియు మిరపయు పండు మెట్టసీమ. తెలుగు సాహిత్యమున ఈ ఊరిపేరు రెండుమారులు ప్రసిద్ధికెక్కినది. మొదటిసారి పదునైదవ శతాబ్ది ప్రాంతమువాడైన వినుకొండ వల్లభరాయుని మూలమున. ఆయన పేర వెలసిన క్రీడాభిరామము శ్రీనాథుని రచనయే యనువారును కలరు. కర్త యెవరైన నేమి, గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రులిరువురు ఓరుగంటి వీథులలో ఒకదినమెల్ల తిరుగుచు, అచ్చటి వలపులను, వేషములను, పెద్దరికముల చాటున దాగిన బలహీనతలను నవ్వుచు చూపిన వీథినాటకమది. రెండవసారి ఈ ఊరికి కీర్తి తెచ్చినవాడు గుఱ్ఱము జాషువ. ఆయన కావ్యములలోను నవ్వు కలదు. కాని వల్లభరాయుని నవ్వు వీథిలో ఇచ్చవచ్చినట్లు తిరుగగలవాని నవ్వు. జాషువ నవ్వు గుడిముంగిట నిలిపివేయబడినవాని నవ్వు. ప్రేమను, స్వేచ్ఛను, నీతిని గూర్చి ఆ నవ్వు వేసిన ప్రశ్నలే ఆయన కావ్యములకు ప్రాణము.

జాషువ 1895 సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించెను. అప్పటికి గుంటూరు మండలము ఏర్పడలేదు. ఈ తాలూకా కృష్ణా మండలమున చేరియుండెను. 1904లో గుంటూరు మండలము వెలసినది. 2022లో ఈ ప్రాంతము పల్నాడు జిల్లాలోనికి వచ్చినది. మండలముల ఎల్లలు మారినంత సులభముగా కులముల ఎల్లలు మారలేదనుటకు ఆయన పుట్టుకయే నిదర్శనము. తండ్రి వీరయ్య యాదవుడు. తల్లి లింగమాంబ మాదిగ కులమున పుట్టినది. వారిరువురును ఒకరినొకరు వలచి పెండ్లాడిరి. ఆ కుటుంబము క్రైస్తవమును అవలంబించినది. కావ్యములలో కులము లెక్కింపని ప్రేమను మెచ్చు లోకము, ఇంటి ప్రక్కన అట్టి ప్రేమ ఎదురైనపుడు మొగము త్రిప్పుకొనును. ఆ దంపతుల బిడ్డను ఊరు తల్లి కులముతోడనే గుర్తించినది. తండ్రి కులము ఆయనకు రక్షయు కాలేదు. తాము చేరిన మతము ఊరిదృష్టిలో ఆయనకు అంటిన ముద్రను చెరుపను లేదు.

బడిలో చేరినది మొదలు అవమానములు మొదలైనవి. తోడి విద్యార్థులు హేళన చేసిరి. కొందరు ఉపాధ్యాయులును ఆ బాలుని చులకనగా చూచిరి. జాషువ తలవంచుకొని కూర్చుండు స్వభావము కలవాడు కాడు. కులము పేరెత్తి పరిహసించిన పిల్లలపై తిరుగబడి చేయిచేసికొనెను. ఆ పిడికిలి తరువాత కలమైనది. బొమ్మలు గీయుట, పాటలు పాడుట చిన్ననాటనే అబ్బినవి. బాల్యమిత్రుడైన దీపాల పిచ్చయ్యశాస్త్రి సహవాసమున పద్యముపై మక్కువ పెరిగినది. పిచ్చయ్యశాస్త్రియు తరువాతి కాలమున పేరొందిన కవి. జూపూడి హనుమచ్ఛాస్త్రియొద్ద జాషువ రఘువంశమును, కుమారసంభవమును, మేఘసందేశమును చదివెను. ఈ గురుశిష్య సంబంధము గమనింపదగినది. కులమే ఎల్లయైన ఆ కాలమున ఒక శాస్త్రి ఆ ఎల్లను దాటి కాళిదాసును బోధించెను. ఆ మేఘసందేశ పాఠము తెలుగు సాహిత్యమున ఎట్టి ఫలము నిచ్చినదో ముందు చూడగలము.

చదువు అబ్బినంతమాత్రమున సభలో చోటు దొరకలేదు. వినుకొండలో జరిగిన ఒక అవధానసభలో ఆయన పద్యములు చదువగా, తక్కువ కులమువానిని సభలోనికి ఎవరు రానిచ్చిరని కొందరు గద్దించిరి. పద్యములో గణదోషము లేదు, యతిభంగము లేదు. వారికి కనబడిన దోషము పద్యమునకు వెలుపల ఉన్నది. ఈ అనుభవమునుండి రెండు త్రోవలు కలవు: పద్యమును విడిచివేయుట ఒకటి, తన్ను వెలివేసినవారి చేతనే శభాషనిపించు స్థాయికి పద్యమును తీసికొనిపోవుట రెండవది. ఆయన రెండవ త్రోవను ఎన్నుకొనెను.

1910లో, పదునైదేండ్ల వయసుననే, ఆయనకు వివాహమైనది. సంసారభారము మీదపడగా వినుకొండ మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతముపై ఉపాధ్యాయుడుగా చేరెను. ఆ కొలువు నిలువలేదు. ఒకవైపు హిందూసమాజము ఆయనను అస్పృశ్యుడనినది. మరియొకవైపు క్రైస్తవుడై పుట్టి రుక్మిణిని, ధ్రువుని, కుశలవులను గూర్చి పద్యములల్లుట యేమని క్రైస్తవ పెద్దలు కినిసిరి. రెండు ఇండ్లకును పొరుగువాడైనవాని స్థితి ఆయనది. అయినను పురాణకథలను ఆయన విడువలేదు. తన విశ్వాసమును దాచుకొనను లేదు. కవికి భాషయే మతమను భావము ఆయనలో అప్పుడే పాదుకొనినది.

ఉద్యోగము పోయిన పిదప రాజమహేంద్రవరము చేరి 1915, 16 సంవత్సరములలో ఒక వింత వృత్తి చేసెను. అవి మూకచిత్రముల దినములు. తెరపై బొమ్మలు కదలునే గాని పలుకవు. తెరప్రక్క నిలిచి జరుగుచున్న కథను చెప్పుచు, పాత్రల సంభాషణలను సందర్భోచితముగా చదివి వినిపించుటకు ఒక వాచకుడు కావలెను. ఆ పని జాషువకు దొరకినది. నోరులేని బొమ్మలకు నోరిచ్చిన ఆ యువకుడే తరువాత నోరుమూయబడిన జనమునకు నోరిచ్చెను. కథను ఎచట ఆపవలెనో, ఎచట హాస్యమాడవలెనో, చదువురాని ప్రేక్షకునకు ఎట్టి మాట సూటిగా తాకునో ఆ చీకటిగదిలో ఆయనకు తెలిసియుండవలెను. ఆయన పద్యమున పండితుని మెప్పించు బిగువును, పామరునకు అందు తేటదనమును కలిసియుండుటకు ఈ అభ్యాసమును ఒక కారణముగా చెప్పవచ్చును.

పిమ్మట గుంటూరు ఆయనకు నెలవైనది. లూథరన్ సంఘము నడుపు ఉపాధ్యాయ శిక్షణాలయమున పదేండ్లు బోధించెను. ఉద్యోగము చేయుచునే ఉభయభాషాప్రవీణ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. 1928 నుండి 1942 వరకు గుంటూరిలోనే తెలుగు పండితుడుగా ఉండెను. తరగతిగదిలో వ్యాకరణము చెప్పుచు, ఇంట కావ్యములు వ్రాయుచు గడపిన యీ రెండు దశాబ్దులలోనే ఆయన కవిత్వము పక్వమైనది. రుక్మిణీకల్యాణము 1919లోను, కోకిల 1924లోను వెలువడినవి. గిజిగాడు, శిశువు వంటి ఖండికలు పాఠ్యపుస్తకములకెక్కి బడిపిల్లలకు పరిచితములైనవి. పిట్ట కట్టిన గూటిలో శిల్పిని చూచుట, పసిబిడ్డ నవ్వులో రాజసమును చూచుట, అల్పమని లోకము త్రోసివేసినదానిలో ఘనతను వెదకుట ఆయన స్వభావము. శ్మశానమును గూర్చి ఆయన వ్రాసిన పద్యములకు పట్టిన అదృష్టము వేరు. హరిశ్చంద్ర నాటకపు కాటిసీనులో నటులు వానిని చేర్చుకొని పాడుచు వచ్చిరి. రాజును పేదయు ఒక్కచోటనే పరుండు ఆ నేలను గూర్చిన పద్యములను, వ్రాసినవాని పేరైన ఎరుగని పల్లెజనము రాత్రులెల్ల మేల్కొని వినినది. మరల మరల పాడించుకొనినది.

1932లో వెలువడిన ఫిరదౌసి కావ్యముతో జాషువ కథాకావ్య నిర్మాణము ప్రౌఢమైనది. పారసీక మహాకవి ఫిరదౌసి షానామా రచించుట, గజనీ మహమ్మదు పద్యమునకొక బంగారునాణెమిత్తునని మాటయిచ్చి వెండి చెల్లించుట, కవి ఆ వెండిని తిరస్కరించుట, తప్పు తెలిసి సుల్తాను బంగారము పంపునప్పటికి కవి ప్రాణము పోవుట లోకప్రసిద్ధమైన కథ. జాషువ దీనిని కేవలము దూరదేశపు కథగా చెప్పలేదు. మాట తప్పిన ప్రభువును, జీవితమును మాటకు ధారవోసిన కవిని ఎదురెదురుగా నిలిపి, నీతి ఎవరి సొత్తని అడిగెను. కిరీటము ధరించినవాడు దరిద్రుడయ్యెను. ఆకలితో చనిపోయినవాడు ధనికుడయ్యెను. తారుమారైన యీ తూకమే జాషువ వ్యంగ్యమునకు మూలసూత్రము. మూడు రూపాయల జీతము పోగొట్టుకొనిన ఉపాధ్యాయునకు ఫిరదౌసి బాధను ఊహించుట కష్టమైయుండదు.

ఆ కాలపు తెలుగు వచనమునందును ఇట్టి ప్రశ్నలే మెదలుచుండెను. గుంటూరు న్యాయవాది ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో జైలులో మాలపల్లి నవలను రచించి, ఊరి వెలుపలి జీవితమును సాహిత్యము నడుమకు తెచ్చెను. గుడిపాటి వెంకటచలము మైదానము మొదలగు నవలలలో ప్రేమకును వివాహనీతికిని గల వైరమును నిష్ఠురముగా చిత్రించెను. చలము 1894లో, జాషువ 1895లో పుట్టినవారు. ఇరువురును ఉపాధ్యాయవృత్తిలో నుండిరి. చలము ఇంటి లోపలి నీతిని పరీక్షించెను. జాషువ గుడి వాకిటి నీతిని పరీక్షించెను. ఒకడు నవలను చేపట్టెను. ఒకడు సీసమును, తేటగీతిని, ఉత్పలమాలను చేపట్టెను. లోకము పవిత్రమని చెప్పుకొను కట్టడి ఎవరి సుఖమునకై పుట్టినదని ఇరువురును అడిగిరి.

బయటి లోకమునను కదలిక ఉండెను. 1936లో తిరువాన్కూరు మహారాజు ఆలయప్రవేశ ప్రకటన చేసెను. 1939లో మధుర మీనాక్షి కోవెలలోనికి హరిజనులు ప్రవేశించిరి. అయినను దక్షిణదేశమున వేలకొలది ఊరిగుడుల వాకిండ్లు మూసియే యుండెను. ఈ సంధికాలమున, 1941లో, జాషువ గబ్బిలము వెలువడినది. దాని రెండవ భాగము 1946లో వచ్చినది.

ఈ కావ్యమును గ్రహించుటకు మేఘసందేశమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. కాళిదాసుని యక్షుడు ప్రభువు శాపమున రామగిరిపై ఏడాది గడుపుచు, అలకాపురిలోని ప్రియురాలికి మేఘముచే ప్రేమసందేశమును పంపెను. అటుపిమ్మట హంసలు, చిలుకలు, కోకిలలు, గాలులు దూతలైన సందేశకావ్యము లెన్నియో పుట్టినవి. దూత అందమైనదిగా నుండవలెను, సందేశము విరహమై యుండవలెను, చేరు చోటు ప్రియురాలి మేడ కావలెను అను సంప్రదాయము స్థిరపడినది. హనుమచ్ఛాస్త్రియొద్ద కాళిదాసును చదివిన శిష్యుడు ఆ చట్రమును చెదరనీయక చేపట్టి, దానిలోని ప్రతి వస్తువును మార్చివేసెను. యక్షుని తావున ఒక అస్పృశ్యుడు. ఒక యేటి శాపమునకు బదులు పుట్టుకతో వచ్చి చావుతోగాని పోని శాపము. మేఘమునకు బదులు గబ్బిలము. ప్రియురాలికి బదులు పరమశివుడు.

ఎన్నిక చేసిన దూతలోనే వ్యంగ్యమెంతయో కలదు. గబ్బిలము ఇంటిలోనికి వచ్చిన అశుభమని లోకము తలచును. దాని చూపు, దాని వాసన, దాని పేరు గూడ రోతయే. అట్టి జంతువునకు గర్భగుడి చూరున తలక్రిందులుగా వ్రేలాడు హక్కు కలదు. ఆ గుడిని కట్టుటకు రాళ్ళు మోసిన మనుష్యునకు గడప దాటు హక్కు లేదు. రాత్రివేళ తన గుడిసెకు వచ్చిన గబ్బిలమును ఆ దీనుడు ఆదరించి, కాశికిని, అచటినుండి కైలాసమునకును త్రోవ చెప్పును. త్రోవపొడుగున దేశపు పూర్వవైభవమును వర్ణించును. తన్ను వెలివేసిన దేశమును అంతగా ప్రేమించినవాని నోట ఆ వర్ణన వినునపుడు పాఠకుని గుండె బరువెక్కును. పూజారి దగ్గర లేని సమయము చూచి శివుని చెవిలో తన కథ చెప్పుమని ఆతడు దూతను వేడుకొనును. దేవుడు వినడని ఆతని ఫిర్యాదు కాదు. విననీయనివారు నడుమ నిలిచియున్నారని ఆతని ఫిర్యాదు.

ఆ సందేశమున ప్రేమ, స్వేచ్ఛ, నీతి మూడును పెనవైచుకొనియున్నవి. బ్రహ్మకు నలుగురు కుమారులని వింటిమి, పశువుకంటె హీనముగా చూడబడు ఈ అయిదవవాడు ఎవరికి పుట్టెనని అడుగుట వినుటకు అమాయకపు ప్రశ్నవలె నుండును. కాని ధర్మశాస్త్రమంతయు దాని ముందు తడబడును. చాతుర్వర్ణ్య వ్యవస్థను నాలుగు పడగల పాముగా రూపించి, తన గాలి సోకిననే బుసకొట్టునని చెప్పుట మరియొక దెబ్బ. రాతిబొమ్మల పెండ్లికి వేలు వ్యయించు చేయి ఆకలిగొన్నవాని ఖాళీపాత్రలో మెతుకు రాల్పదని చూపుట నీతిపై తుదితీర్పు. పూర్వజన్మ కర్మమని చెప్పి నోరు కట్టివేయుటను గూడ ఆయన విడువలేదు. ఇన్నింటిలోను బూతులేదు, శాపము లేదు. ఆతడు బ్రతిమాలుచున్నట్లే కనబడును. వినుచున్నవాడు మాత్రము ముద్దాయిగా నిలుచును. ఇదియే గబ్బిలములోని వ్యంగ్యపు బలము.

ప్రేమను గూర్చి జాషువకు వేరొక స్వరమును కలదు. 1943లో ముంతాజమహలు వెలువడినది. షాజహాను దాంపత్యప్రేమను, ఆ ప్రేమ పాలరాతిలో నిలిచిన వైనమును ఆయన మృదువుగా చెప్పెను. పారసీక కవిని, మొగలు రాణిని, రుక్మిణిని, క్రీస్తును ఒకే ఆదరముతో కావ్యనాయకులుగా చేసికొనిన తెలుగుకవులు అరుదు. మతముల నడుమ గోడలచే బాధపడినవాడు కావ్యములో ఆ గోడలను కట్టలేదు.

జీవితములో అన్నియు నేరుగా సాగినవనుట సత్యము కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆయన ప్రభుత్వపక్షమున యుద్ధప్రచారకుడుగా పనిచేసెను. అదే కవి యుద్ధానంతరము 1947లో నేతాజీని, 1948లో బాపూజీని కావ్యవస్తువులుగా గ్రహించెను. దీనిని చంచలత్వమనువారు ఉండవచ్చును. ఉదరపోషణ ఒకవైపు, హృదయము ఒకవైపు లాగిన సామాన్య ఉద్యోగి స్థితిగా చూచుట న్యాయము. సాహిత్య విమర్శయు ఏకముఖముగా లేదు. కృష్ణశాస్త్రి మొదలగువారి భావకవిత్వము వెల్లివిరిసి, పిదప శ్రీశ్రీ మాత్రాఛందములలో కొత్త గొంతు నెత్తిన కాలమున, జాషువ పూర్వఛందస్సును విడువక పట్టుకొనెను. తిరుగుబాటునకు బదులు దేవునికి మొరపెట్టుకొనుటయేమని ప్రశ్నించినవారును కలరు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. అయితే ఒక విషయము మరువరాదు. ఏ పద్యవిద్యకు తగడని ఆయనను సభనుండి గెంటజూచిరో, ఆ విద్యయందే ఆయన నెగ్గదలచెను. ఆ కాలమున పద్యములో ఓడింపబడని వాదమును పండితలోకము వినక తప్పలేదు. మొరవలె కనబడు మాటలో నేరారోపణను దాచుట ఎంత లోతైన తిరుగుబాటో గబ్బిలమును మరల మరల చదివినవారికి తెలియును.

ఆ వినికిడికి గుర్తుగా ఒక ఘట్టము చెప్పుకొనదగినది. తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, తెలుగుదేశపు అవధానులకెల్ల గురుస్థానమున ఉన్నవాడు, తన చేతులతో జాషువ కాలికి గండపెండేరము తొడిగెను. ఆ పాదము తాకి తన జన్మ ధన్యమైనదని ఆ వృద్ధకవి భావించెను. అవధానసభలో అవమానము పొందిన కవికి అవధాన చక్రవర్తి చేసిన సత్కారమది. తన జీవితమున లభించిన గౌరవములలో అదియే మిన్నయని జాషువ తలచుటలో ఆశ్చర్యము లేదు.

1957 నుండి 59 వరకు మద్రాసు ఆకాశవాణి కేంద్రమున కార్యక్రమ నిర్మాతగా నుండెను. 1958లో క్రీస్తుచరిత్ర వెలువడగా, ఆ కావ్యమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యుడయ్యెను. 1966లో తన జీవితమును నా కథ యను పేర పద్యములలోనే చెప్పుకొనెను. 1970లో భారతప్రభుత్వము పద్మభూషణ బిరుదమును, ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదమును ఇచ్చినవి. 1971 జూలై 24వ తేదీన గుంటూరిలో ఆయన కన్నుమూసెను. నవయుగ కవిచక్రవర్తి, కవికోకిల వంటి బిరుదములు అప్పటికే ఆయన పేరునకు ముందు నిలిచియుండెను.

ఆయన కావ్యములోని ప్రశ్నలు ఇంటిలోనే కార్యరూపము ధరించుట మరియొక విశేషము. కుమార్తె హేమలత 1932లో వినుకొండలో పుట్టి, 1960లో నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడైన లవణమును వివాహమాడినది. దంపతులిరువురును స్టువార్టుపురమున నేరస్థ జాతులను ముద్రవేయబడిన కుటుంబముల పునరావాసమునకును, తెలంగాణమున జోగినీ దురాచార నిర్మూలనమునకును పాటుపడిరి. దేవుని పేర స్త్రీని ఊరి సొత్తుగా చేయు నీతిని ప్రశ్నించుట, దేవుని పేర మనుష్యుని వెలివేయు నీతిని ప్రశ్నించినవాని కుమార్తెకు సహజమైన కార్యమే. హేమలత 2008లో మరణించినది.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునేడవ అధికరణముచే అస్పృశ్యతను నిషేధించినది. చట్టరీత్యా గబ్బిలము మోసిన కబురు చేరినట్లే. మనస్సులకు చేరినదా యను ప్రశ్నకు సమాధానము చట్టపుస్తకములలో దొరకదు, బడులలో వెదకవలెను. ఒకనాడు వినుకొండ బడిలో హేళనపాలైన బాలుడు వ్రాసిన పద్యములను నేడు తెలుగునాట బడిపిల్లలు కంఠస్థము చేయుచున్నారు. యతిప్రాసలు, గణవిభజన, సమాసములు పరీక్షకు వచ్చును. ఉపాధ్యాయులు వానిని శ్రద్ధతో చెప్పుదురు. వానితోపాటు ఆ అయిదవవాని ప్రశ్నను గూడ తరగతిలో ఒకసారి నిలిపి అడిగి, పిల్లలు ఆలోచించుకొనుటకు కొంత సమయమిచ్చినచో, ఆ పాఠము జాషువ తలచిన పాఠమగును.